ముందు ఖబర్దార్, తర్వాత చప్పుడు

సారపాకలో మంగయ్య ఇంట్లో ఏ చప్పుడూ చెప్పాపెట్టకుండా రాదు. కుక్కర్ కూత వేసేలా ఉంటే వంటింట్లోంచి అతని భార్య బతుకమ్మ "ఖబర్దార్, కుక్కర్!" అంటుంది. గాలికి తలుపు కొట్టుకునేలా ఉంటే "ఖబర్దార్, తలుపు!" మంగయ్యకు తుమ్ము వచ్చినా సరే, ముక్కు పట్టుకుని ముందు ఖబర్దార్ చెప్పి ఆ తర్వాతే తుమ్ముతాడు. ఈ మర్యాదలో పడి సగం తుమ్ములు వచ్చిన దారినే వెనక్కి పోతాయి. ఇంటికి వచ్చిన చుట్టాలు మొదటిరోజు బిత్తరపోతారు, మర్నాడు నవ్వుకుంటారు, ఆ పైన గ్లాసు కింద పెట్టేముందు తామే ఖబర్దార్ అనడం మొదలుపెడతారు.

ఇదంతా చందర్ కోసం. మంగయ్య కొడుకు చందర్‌కి ముప్ఫై దాటాయి. సెరిబ్రల్ పాల్సీ. పుట్టినప్పుడు మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కాళ్ళు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. మోకాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ, మడమలు నేలకు ఆనీ ఆనకుండా నడుస్తాడు. మాట కాస్త నిదానం. బుర్ర మాత్రం చురుకే, పక్కనున్నవాళ్ళ ప్రాణం తీసేంత చురుకు. గోదావరి బ్రిడ్జి మీద బస్సు వెళ్తుంటే బ్రిడ్జి ఎందుకు ఊగుతుందని అడుగుతాడు. జవాబు చెబితే, మరి ఊగకపోతే ఏమవుతుందని అడుగుతాడు.

అతనితో చిక్కల్లా చప్పుడు దగ్గరే. హఠాత్తుగా ఏదైనా మోగితే ఒళ్ళంతా ఎగిరిపడుతుంది, చేతులు పైకి లేస్తాయి, కాళ్ళు కొయ్యబారిపోతాయి. ఉలిక్కిపడని మనిషి ఉండడు. కాకపోతే మనం మరుక్షణం సర్దుకుంటాం, చందర్ ఒళ్ళు అంత తొందరగా సర్దుకోదు. చిన్నప్పుడు జడుసుకున్నాడనుకుని బతుకమ్మ దిష్టి తీసింది, తాయెత్తులు కట్టించింది. తాయెత్తులు పెరిగాయిగానీ ఉలికిపాటు తగ్గలేదు.

చివరికి ఉపాయం కనిపెట్టింది మంగయ్య. మణుగూరులో పైనుంచి తవ్వే బొగ్గు గనిలో, బండ పేల్చే గ్యాంగులో పనిచేశాడు. పేల్చేముందు ఖబర్దార్ అని కేక వేయడం వాళ్ళ గ్యాంగు రివాజు. "గుట్టంత బండ పేలుతదని తెలిస్తే ఎవ్వడు ఉలికిపడడు. తెల్వకపోతే గిలాస పడ్డా గుండె జారుతది" అని ఆ రివాజును ఇంటికి మోసుకొచ్చాడు. అది పనిచేసింది. కేక ముందు వినబడితే చందర్ ఒళ్ళు సిద్ధంగా ఉండేది, ఎగిరిపడేది కాదు. ఆ పేలుళ్ళకు మంగయ్య చెవులు మాత్రం సగం పోయాయి. ఇప్పుడు రిటైరయ్యాక ఇంట్లో అందరికంటే గట్టిగా ఖబర్దార్ అనేది ఆయనే, ఏ చప్పుడూ సరిగ్గా వినబడనిదీ ఆయనకే.

చప్పుడు సంగతి అలా తీరింది. బతుకమ్మకు ఇంకో భయం పట్టుకుంది, దానికి మందు దొరకలేదు.

చందర్‌కి తొమ్మిదేళ్ళప్పుడు గని కాలనీలో పిల్లలతో కలిసి బంతి వెనకాల పరుగెత్తాడు. వాడి లెక్కలో అది పరుగే. మొహం నల్లబడింది, రొప్పుతూ కూలబడ్డాడు. ఎవరో కాంపౌండర్ ఛాతీ మీద గొట్టం పెట్టి, "గుండె జర వీకున్నట్టుంది, ఉరకనియ్యకుండ్రి" అన్నాడు. అని, చాయ్ తాగి, ఆ మాట మర్చిపోయే ఉంటాడు. బతుకమ్మ మర్చిపోలేదు. ఆనాటి నుంచి కొడుకు కాస్త రొప్పితే చాలు, ఎక్కడున్నా వచ్చి భుజం మీద చెయ్యి వేసేది. "కూసో బిడ్డా, దమ్ము వస్తున్నది."

పాపం, ప్రేమకేం తక్కువ లేదు. కానీ దాని ఫలితం చూడండి. ముప్ఫై ఏళ్ళు దాటిన మనిషికి అలిసిపోవడమంటే ఏమిటో తెలియదు. కాళ్ళు బిగుసుకుని ఆగిపోవడం తెలుసు, ఎవరో ఆపితే ఆగిపోవడం తెలుసు. తన ఊపిరి తనను ఆపడం మాత్రం ఎప్పుడూ జరగలేదు. డ్యూటీ దిగి వచ్చి మంచం మీద పడ్డ తండ్రిని ఒకప్పుడు అడిగేవాడు.

"అలిసిపోతే ఎట్లుంటది నాయినా?"

"గది గూడ అడుగుతరారా?" అని మంగయ్య అటు తిరిగి పడుకునేవాడు.

ఈ మధ్య అడగాల్సిన అవసరం ఇంకా పెరిగింది. ఊరి చివర జామాయిల్ నర్సరీ ఉంది. కాగితం మిల్లుకు కర్ర పెంచే రైతులకు అక్కడి నుంచే మొక్కలు వెళ్తాయి. మొక్కల ట్రేలను నీడ షెడ్డులోంచి ఎండలోకి ట్రాలీ మీద తోసుకుపోయే పని ఒకటి ఖాళీ అయింది. మేస్త్రీ జంపయ్య సరదాకి చందర్ చేత ట్రాలీ పట్టించాడు. పట్టుకోవడానికి పిడి దొరికేసరికి చందర్ కాళ్ళు ఎప్పుడూ లేనంత తిన్నగా సాగాయి. "మంచిగనే తోస్తున్నవ్ గదరా, సోమవారం నుంచి రా" అన్నాడు జంపయ్య. సరిగ్గా అప్పుడే అటుగా వచ్చిన బతుకమ్మ, కొడుకు నుదుటి మీద చెమట, ఎగిరెగిరిపడుతున్న రొమ్ము చూసింది. ట్రాలీ పిడి మీంచి అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఇంటికి తీసుకుపోయింది.

మూడు రోజులు ఇంట్లో ఖబర్దార్ తప్ప వేరే మాట లేదు.

ఆ రోజుల్లోనే సారపాకకు సుజన వచ్చింది. కల్లూరు వైపు రైతుల ఇంటి పిల్ల, ఫిజియోథెరపీలో పైచదువు చదువుతోంది. చందర్‌లాంటి వాళ్ళు పెద్దయ్యాక ఒంట్లో ఎంత సత్తా ఉంటుందో కొలవడం ఆమె పని. "పిల్లలప్పుడు అందరూ చూస్తారండి. పెద్దయ్యాక ఎవరూ పట్టించుకోరు. ఎంత నడవలేరో రాస్తారు, ఎంత నడవగలరో కొలవరు" అంది, ఇంటి అరుగు మీద కూర్చుని.

చందర్ కళ్ళు వెలిగాయి. "గుండె గూడ కొలుస్తరా మేడం?"

"కొలుస్తాం. ముందు పెద్ద డాక్టరుగారు చూసి, సరేనంటేనే."

భద్రాచలంలో దవాఖానాకు వెళ్ళి గుండె పరీక్ష చేయించుకొచ్చారు. డాక్టరు ఏ తేడా లేదన్నాడు. బతుకమ్మ నమ్మలేదు. "పండుకోబెట్టి చూస్తే ఎవ్వల గుండైనా మంచిగనే ఉంటది. ఉరికినప్పుడు చూడాలె" అంది.

సుజన నవ్వింది. "అమ్మా, నేను చెయ్యబోయేది అదే."

అక్కడే తల్లీకొడుకుల మధ్య ఒప్పందం కుదిరింది. పరుగులో గుండె గట్టిదని తేలితే చందర్ నర్సరీకి వెళ్తాడు. లేకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. "అవ్" అన్నాడు చందర్ జల్దీగా, తల్లి మనసు మార్చుకునేలోపు.

పరీక్షకు ఊళ్ళో ఫంక్షన్ హాలు దొరికింది. ముందురోజు అక్కడ పెళ్ళి జరిగింది. స్టేజీ మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చున్న ఎర్ర కుర్చీలు అలాగే ఉన్నాయి, మంగయ్య వెళ్ళి పెళ్ళికొడుకు కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. సుజన నేల మీది బంతిపూల రేకులు ఊడ్చి, రెండు చివర్లా రంగు టేపు అంటించింది. చందర్ ఛాతీకి ఒక పట్టీ కట్టింది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆమె చేతిలోని ట్యాబ్‌లో ఆ పట్టీ చూపిస్తూ ఉంటుంది.

"చాలా తేలిక చందర్ గారు. ఈ గీత నుంచి ఆ గీతకి, ఆ గీత నుంచి ఈ గీతకి. స్పీకర్లో బీప్ వస్తుంది. బీప్ వచ్చేసరికి గీత దగ్గరుండాలి. పోనుపోను బీప్‌లు దగ్గరపడతాయి, మీరు వేగం పెంచాలి. వరసగా రెండుసార్లు అందుకోలేకపోతే అయిపోయినట్టు. నేను పక్కనే ఉంటాను, పడనివ్వను."

"అయిపోయినప్పుడు నాకు అలుపొస్తదా?" అన్నాడు చందర్.

"బాగా వస్తుంది."

"అయితే పెట్టుండ్రి."

మొదటి బీప్ ఆ ఖాళీ హాల్లో గోడ గోడకీ తగిలి మోగింది. చందర్ చేతులు రెండూ గాల్లోకి లేచాయి. కాళ్ళు నేలకు మేకులు కొట్టినట్టు ఆగాయి. కిందామీదా పడి అవతలి గీత చేరేసరికి రెండో బీప్, మళ్ళీ అదే తంతు. అక్కణ్ణించి కదిలి ఈ గీత దగ్గరకు వచ్చాడో లేదో, గోడ దగ్గర నిలబడ్డ బతుకమ్మ గొంతు ఖంగుమంది.

"ఖబర్దార్!"

వెంటనే బీప్. చందర్ ఉలిక్కిపడలేదు. మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఖబర్దార్!" బీప్. అడుగులు కుదురుకున్నాయి. రెండుసార్లు వింటే చాలు, చప్పుడు ఎప్పుడొస్తుందో బతుకమ్మ ఒంటికి తెలిసిపోతుంది. ఇన్నేళ్ళ అలవాటు మరి. చిత్రమేమిటంటే ఈ పరీక్షలో కొడుకు ఓడాలని మనసులో గట్టిగా కోరుకుంటున్నది కూడా ఆమే. వాడు ఓడాలి, ఇంటిపట్టున క్షేమంగా ఉండాలి. కానీ వాడు ఉలిక్కిపడుతుంటే చూస్తూ నోరు మూసుకోవడం ఆమె వల్ల కాలేదు.

సుజన మాత్రం కంగారుపడింది. ఆమె పుట్టిన ఊళ్ళో ఖబర్దార్ అంటే బెదిరింపు. పైగా పరీక్షకో పద్ధతి ఉంది. "అమ్మా, మధ్యలో ఎవరూ అరవకూడదు. బెదిరించినా, ఉత్సాహపరిచినా లెక్క తేడా వచ్చేస్తుంది. దయచేసి!"

బతుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాతి బీప్‌కి చందర్ చేతులు మళ్ళీ లేచాయి. ఆ తర్వాతి దానికి మోకాళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒక గీత తప్పింది. సుజన భుజం పట్టుకోకపోతే పడేవాడు. ఇంకో గీత తప్పింది. స్పీకర్ ఆగిపోయింది.

"అయిపోయిందండి" అంది సుజన మెల్లగా. ట్యాబ్‌లో అంకె వేసుకుంది. చాలా చిన్న అంకె. మంచం దిగని ముసలివాళ్ళకు వచ్చేటంత.

చందర్ మొహం చిన్నబోయింది. ఓడినందుకు కొంత. అలుపెలా ఉంటుందో ఇప్పుడు కూడా తెలియనందుకు ఇంకా ఎక్కువ.

బతుకమ్మ గెలిచింది. "చూస్తివా బిడ్డా, నేను చెప్పలే? పా, ఇంటికి పోదాం" అంది. కానీ గెలిచినవాళ్ళ గొంతు అలా ఉండదు. కొంగు ఇంకా నోటి దగ్గరే ఉంది.

సుజన వాళ్ళను వెళ్ళనివ్వలేదు. ట్యాబ్‌లో గుండె గీతను వెనక్కీ ముందుకీ జరిపి చూస్తోంది. "ఇదేంటో తమాషాగా ఉందండి. అలిసిపోతే గుండె వేగం మెట్టు మెట్టుగా పెరగాలి. ఇది బీప్ వచ్చినప్పుడల్లా ఎగిరి, మళ్ళీ పడిపోతోంది. చివర్లో కూడా పెద్దగా లేదు. మీరెందుకు ఆగారు చందర్ గారు? ఊపిరి చాలకనా?"

"దమ్మేడిది మేడం? ఇంక షురూ గూడ కాలే. చప్పుడుకు కాళ్ళు కొయ్యలయినయ్."

"మధ్యలో కొంచెంసేపు బాగా వెళ్ళారు. ఇక్కడ చూడండి, గీత కూడా బుద్ధిగా పైకెక్కుతోంది. మళ్ళీ ఇక్కడ్నించి చెడింది. ఇక్కడ ఏం జరిగింది?"

"మీరు మా అమ్మ నోరు మూయించిండ్రు."

సుజన చేతిలోని ట్యాబ్ కిందికి దిగింది. "ఆ ఖబర్దార్ ఏంటండి అసలు?"

అదృష్టవశాత్తు ఆ ఒక్క మాట స్టేజీ మీదున్న మంగయ్యకు వినబడింది. పెళ్ళికొడుకు కుర్చీలోంచి లేచి, గనిలో బండ పేల్చే దగ్గర్నుంచి ఇంట్లో తుమ్ము దాకా కథంతా చెప్పాడు. మామూలు గొంతుతోనే అనుకున్నాడు, హాలు దద్దరిల్లింది. సుజన వింటూ వింటూ నుదురు కొట్టుకుంది.

"ఈ జబ్బులో ఉలికిపాటు ఎక్కువుంటుందని నేను చదువుకున్నానండి. పరీక్ష రాసి పాసయ్యాను కూడా. మళ్ళీ నేనే బీప్ పెట్టాను. ఇంతసేపూ నేను కొలిచింది మీ గుండెను కాదు, మీ ఉలికిపాటును. తప్పు నాది. మీకు ఓపికుంటే, తిని కాసేపు కూర్చున్నాక మళ్ళీ పెడదాం. ఈసారి అమ్మ పిలవాలి."

అందరూ బతుకమ్మ వైపు చూశారు. ఒప్పందం ప్రకారం పందెం ముగిసింది, ఆమెదే గెలుపు. కాదంటే అడిగేవాళ్ళు లేరు.

"నేను పిలుస్తే వాడు ఉరుకుతడు" అంది బతుకమ్మ. "ఉరికితే దమ్మొస్తది. తొమ్మిదేండ్లప్పుడు వాని మొఖం నల్లగైంది మేడం. నా ఒళ్ళనే పడ్డడు. గా మొఖం నేను మల్ల చూడలేను. నా నోటితోని నేనే పిలిచి, వానికేమన్న అయితే?"

చందర్ నిదానంగా వచ్చి తల్లి పక్కన గోడకు ఆనుకున్నాడు.

"నాకేమైతదో నాకు గూడ తెల్వదమ్మా. గదే చూద్దామంటున్న. ఒక్కసారి నువ్వు ఆపకుంట చూద్దాం. నేనే ఆగుత."

"గుండె నా కళ్ళముందే కనబడుతూ ఉంటుందమ్మా" అంది సుజన. "కొంచెం తేడా ఉన్నా నేనే ఆపేస్తాను."

బతుకమ్మ ఇంటి నుంచి తెచ్చిన డబ్బా మూత తీసి, కొడుక్కి పులిహోర పెట్టింది. అదే ఆమె ఒప్పుకున్న తీరు.

ఎండ వాలే వేళకు మళ్ళీ మొదలైంది. బతుకమ్మ హాలు మధ్యలో నిలబడింది.

"ఖబర్దార్!" బీప్. "ఖబర్దార్!" బీప్.

చందర్‌కి మొదట నవ్వొచ్చింది. ఇంట్లో కుక్కర్‌కీ తలుపుకీ విన్న కేక, ఇక్కడ తన కాళ్ళకు వినబడుతోంది. ఉదయం ఆగిన చోటు దాటేశాడు. బీప్‌లు దగ్గరపడ్డాయి, కేకలూ దగ్గరపడ్డాయి. మోకాళ్ళు రాసుకుంటున్నా ఆగడం లేదు. వీపు మీద చెమట కారింది. చెవుల్లో ఏదో కొట్టుకుంటోంది. ఇదేంది? నా గుండేనా? ఇంత చప్పుడు చేస్తదా? చెప్పాపెట్టకుండా లోపల ఇంత మోత మోగుతున్నా తను ఉలిక్కిపడకపోవడం అతనికి వింతగా తోచింది. ఆ వింతను చూసుకుంటూనే ఇంకో గీత అందుకున్నాడు.

నోరు తెరుచుకుంది. ఊపిరి చాలడం లేదు. వెనక్కి తిరిగేటప్పుడు అతని మొహం బతుకమ్మకు ఎదురుపడింది. నల్లగా కమిలి, పెదాలు ఎండి, కళ్ళు పెద్దవై. అదే మొహం. కాలనీలో ఆమె ఒళ్ళో పడ్డ మొహం.

బతుకమ్మ చెయ్యి దానంతటదే ముందుకు సాగింది, భుజం పట్టుకుని కూర్చోబెట్టడానికి. నోరు తెరిచింది. "కూసో" అన్న మాట నాలుక చివర ఉంది. చందర్ ఆ చెయ్యి చూశాడు. ఆగలేదుగానీ, పిలుపు రాకపోతే తర్వాతి బీప్‌కి కాళ్ళు కొయ్యబారతాయని అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు. ఇప్పుడు ఆపాలంటే ఆమె చెయ్యి వెయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

"ఖబర్దార్!" అంది బతుకమ్మ. గొంతు పగిలింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. చాచిన చేతిని వెనక్కి తీసుకుని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది. "ఖబర్దార్, బిడ్డా!"

చందర్ ఆ గీత అందుకున్నాడు. ఇంకోటీ అందుకున్నాడు. ఆ తర్వాత కాళ్ళు కాదు, ఊపిరి అతన్ని ఆపింది. పెళ్ళివాళ్ళు మర్చిపోయిన ఎర్ర తివాచీ మీద చతికిలబడి, రొప్పుతూ, ఎగశ్వాస మధ్యే నవ్వడం మొదలుపెట్టాడు.

"అమ్మా... అలిసిపోయిన... అమ్మా, గిట్లుంటదా?"

బతుకమ్మ పక్కన కూలబడి అతని ఛాతీ మీద చెయ్యి పెట్టింది. లోపల గుండె దబదబా కొట్టుకుంటోంది. ఆమె చెయ్యి తియ్యలేదు. కొట్టుకుంటూ కొట్టుకుంటూ అది మెల్లగా నెమ్మదించింది, ఆమె అరచేతి కిందే.

"చూశారా, ఎక్కాల్సినట్టే ఎక్కింది, దిగాల్సినట్టే దిగుతోంది" అంది సుజన, ట్యాబ్ పట్టుకుని కింద కూర్చుంటూ. "వీక్ గుండె కాదమ్మా ఇది. పని చెప్పని గుండె. రోజూ కొంచెం కొంచెం చెబితే ఇంకా గట్టిపడుతుంది."

మంగయ్య స్టేజీ దిగి వచ్చి కొడుకు మొహంలోకి వంగి చూశాడు. "ఎట్లున్నదిరా అలుపు?"

"మస్తున్నది నాయినా" అన్నాడు చందర్.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే బతుకమ్మ కొడుకు కంటే ముందు నర్సరీ గేటు దగ్గరికి పోయింది. జంపయ్యను, పనికొచ్చిన ఆడవాళ్ళను, నీళ్ళు చల్లే మోటారు దగ్గరి మనిషిని, అందర్నీ పిలిచి నిలబెట్టింది.

"మోటరు పెట్టేముందు ఖబర్దార్ అనుండ్రి. ట్రే కింద పడేసేముందు అనుండ్రి. మర్చిపోకుండ్రి." అక్కడితో ఆగి, కొంగు సర్దుకుని, రెండో మాట కాస్త కష్టంగా అంది. "వానికి దమ్మొస్తే ఎవ్వలు ఆపొద్దు. వాడే ఆగుతడు."

జంపయ్య తలూపాడు. చందర్ ట్రాలీ పిడి పట్టుకున్నాడు. బతుకమ్మ వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేసింది. చూస్తే మళ్ళీ పోయి ఆపేస్తానని ఆమెకు తెలుసు.

ఇంట్లో మంగయ్య వాకిట్లో బీడీ కాలుస్తున్నాడు. వంటింట్లో అన్నం ఉడికింది. బతుకమ్మ మూత చేతిలోకి తీసుకుని, "ఖబర్దార్, మూత!" అంది. అని, అలాగే నిలబడిపోయింది. ఇంట్లో ఉలిక్కిపడేవాళ్ళు ఎవరూ లేరు. కాసేపటికి మూతను చప్పుడు కాకుండా గిన్నె మీద పెట్టి, సాయంత్రం అలిసిపోయి వచ్చేవాడి కోసం నీళ్ళు కాగబెట్టింది.